కళ్ళు రెండూ వదిలెయ్యండి

పోయినవి ముందు రాసుకుంటాను. అప్పుడే నాకు లెక్క తేలుతుంది.

నా ఎడమ చెవి. చెవి ఉంది, వినికిడి పోయింది. మాస్టారి కళ్ళజోడు. నాన్న తెడ్డు, నడిమికి రెండు ముక్కలైంది. ఎండిన టేకు చేప తోక ఒకటి. సరుగుడు బెత్తాలు, వాటిని ఎవరూ లెక్కపెట్టలేదు. మేము రొయ్య పిల్లల్ని పట్టిన కాలవ, ఇప్పుడది చెరువు గట్ల మధ్య నల్లటి మురుగు బోదె. సరుగుడు తోట. రెండు గదుల బడి, దాన్ని సముద్రం ఏటా కొంచెం కోసుకుంటూ వచ్చి, మెట్లతో మొదలుపెట్టి అంతా తీసుకుంది. అత్త. నాన్న. చెవినీ తండ్రినీ ఒకే వరసలో పెట్టి కూడటం లెక్కల్లో తప్పని తెలుసు. అయినా వరస రాసుకుంటే గాని మిగిలిందేమిటో తెలియదు.

మొన్న మా అమ్మాయి బడి నుంచి ఫోనుకి మెసేజ్ వచ్చింది. మీ అమ్మాయి తరగతిలో నిద్రపోతోంది, గమనించగలరు. అప్పటికి నేను బందరులో ఐసు ఫ్యాక్టరీ లెక్కలు ముగించి ఇంటికి బయల్దేరుతున్నాను. దారి పొడుగునా నాలో ఏదో మరిగింది. ఇంత కష్టపడి పంపిస్తుంటే నిద్రా? గుమ్మంలో చెప్పులు విడిచేసరికి చెయ్యి లేచే ఉంది. పిల్ల నా చేతి వంక చూసింది. నేనూ చూశాను. అచ్చం నాన్న చెయ్యి. అదే మణికట్టు, అదే పైకి లేవడం. చెయ్యి దించి, మంచినీళ్ళు తాగి, వీధి అరుగు మీద కూర్చున్నాను. అప్పుడు గుర్తొచ్చింది ఇదంతా.

మాది పాలకాయతిప్పకి ఇవతల, కృష్ణ సముద్రంలో కలిసే చోటుకి దగ్గర్లో చిన్న పల్లె. ఊళ్ళో ఎక్కడ నిలబడ్డా ఎండు మెత్తళ్ళ వాసన. దాని కింద పడవలకి పూసిన తారు వాసన, దాని కింద సరుగుడాకు పొగ. ఊరి మగవాళ్ళు సముద్రం మీదకి వెళ్ళేవాళ్ళు, ఆడవాళ్ళు చేపల గంపలతో కోడూరు, అవనిగడ్డ వైపు వెళ్ళేవాళ్ళు. పిల్లల్ని బడి చూసుకోవాలి.

బడి చూసుకోవడం అంటే మా ఊళ్ళో ఒక పద్ధతి ఉండేది. కొత్త మాస్టారు వచ్చినప్పుడు తండ్రులు వరసగా బడికి వెళ్తారు. ఒక చేతిలో పప్పు బెల్లాల పొట్లం, ఇంకో చేతిలో సరుగుడు తోటలో కోసి, చెక్కు తీసి, నూనె రాసిన బెత్తం. ఎవరి పిల్లవాడికి వాళ్ళ బెత్తం. నాన్న నాది ఒంటి చేత్తో వంచి, విరగదని చూసుకున్నాకే తీసుకెళ్ళాడు. నేను నాలుగో తరగతి. గుడివాడ వైపు నుంచి కొత్తగా వచ్చిన మాస్టారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. నాన్న బెత్తం బల్ల మీద పెట్టి చెప్పాల్సింది చెప్పాడు.

"కళ్ళు రెండూ వదిలెయ్యండి మాస్టారూ. మిగతాది మీదే."

మాస్టారు తల ఊపారు. ఆ తరవాత మూడేళ్ళు వాళ్ళిద్దరి మధ్య ఇంకో మాట లేదు.

మాట లేదు గాని ఇద్దరూ రోజూ ఒకరికొకరు కబురు పంపుకునేవాళ్ళు. ఆ కబురు నా ఒంటి మీద వెళ్ళి వచ్చేది. బడిలో పడిన చారలు సాయంత్రం నాన్న చూసేవాడు. మాస్టారంతటి వాడు కొట్టాడంటే వీడు ఏదో చేసే ఉంటాడని, చూరులో దోపి ఉంచిన టేకు తోక తీసేవాడు. టేకు అంటే పళ్ళెంలా పరుచుకుని ఈదే చేప. దాని తోక ఎండితే కొరడా. ఒక్కటి తగిలితే చర్మం మీద గరుకు గరుకుగా గీత లేస్తుంది, మూడో రోజుకి పొక్కు కడుతుంది. మర్నాడు ఆ గీతలు మాస్టారు చూసేవారు. కన్నతండ్రే ఇంత కొట్టాడంటే ఇంట్లో ఎంత ఆగడం చేశాడోనని ఆయన బెత్తం తీసేవారు. ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి ఎంత గౌరవమో చెప్పలేను. ఒకరి తీర్పు ఇంకొకరు ఏనాడూ ప్రశ్నించలేదు.

అమ్మ పసుపూ కొబ్బరినూనే కలిపి రాసేది. ఏం చేశావురా అని అడిగేది గాని, చెప్పేదాకా ఆగేది కాదు. అడగడం, ఏడవడం ఒక్కసారే జరిగేవి ఆమెకి.

అలాగని మేము బుద్ధిమంతులం కాము. ఆరబెట్టిన మెత్తళ్ళు పిడికెడు ఎత్తుకెళ్ళి తోటలో సరుగుడాకు నిప్పు మీద కాల్చుకు తినేవాళ్ళం. మూతికి మసి, చేతికి వాసన, దొరికిపోవడం ఖాయం. ఒకసారి మాస్టారి సైకిలు సీటు కింద ఎండు చేప ముక్క కట్టాం. కోడూరులో ఆయన గది దాకా కుక్కలు వెంట వెళ్ళాయట. దానికి తరగతి మొత్తానికి పడ్డాయి. ఆ దెబ్బలు మాకు బాధ అనిపించలేదు. అవి న్యాయమైనవి. కారణం తెలిసిన దెబ్బ తొందరగా చల్లారుతుంది.

నాకు పడేవాటికి కారణం వేరు. అది కాలవలో ఉంది.

అప్పుడు రొయ్యల చెరువుల గాలి కొత్తగా వీస్తోంది. చెరువుల వాళ్ళకి టైగర్ రొయ్య పిల్లలు కావాలి. అవి పోటు ఎక్కేటప్పుడు సముద్రం నీళ్ళతో కాలవలోకి వస్తాయి. దోమతెర గుడ్డతో కుట్టిన మూడు మూలల వల తోసుకుంటూ నడుము లోతు నీళ్ళలో నాన్న, వెనక సత్తు బేసిన్ పట్టుకుని నేను. రొయ్య పిల్ల వెంట్రుకంత ఉంటుంది, దాని మీద ఎర్రటి గీత. తెల్ల పళ్ళెంలో పోసి ఆల్చిప్పతో ఒక్కొక్కటీ వేరు చేసి లెక్కపెట్టాలి. లెక్కలు నాకు అబ్బింది ఆ పళ్ళెంలోనే. నాన్నకి చూపు ఆనేది కాదు, లెక్క నాది.

పోటు రోజుకి ముప్పావు గంట చొప్పున ఆలస్యమవుతుంది. కొన్నాళ్ళు అది తెల్లారకుండానే అయిపోతుంది, నేను బడికి అందరికంటే ముందు ఉంటాను. తరవాత కొన్నాళ్ళు అది సరిగ్గా బడి గంట వేళకి ఎక్కుతుంది. అప్పుడు నేను వెళ్ళేసరికి రెండో పాఠం సగం అవుతుంది. గుడివాడ వైపు పొలాల మధ్య పెరిగిన మాస్టారికి ఇది ఎలా తెలుస్తుంది? ఈ కుర్రాడు ఒక వారం వేళకి వస్తాడు, ఇంకో వారం రాడు, వస్తే కూర్చున్న చోటే తూగుతాడు. ఒకసారి నేను పోటు సంగతి చెప్పబోయాను. ఎదురు చెప్తున్నానని ఇంకో రెండు పడ్డాయి. ఇంట్లో, ఆలస్యానికి కొడుతున్నారని చెప్పబోయాను. మాస్టారి మీద చాడీలు చెప్తావా అని నాన్న తోక తీశాడు. ఆ తరవాత రెండు చోట్లా నోరు మూసుకున్నాను.

ఏడో తరగతికి అప్పట్లో పబ్లిక్ పరీక్ష ఉండేది. అది గట్టెక్కితే కోడూరు హైస్కూలు. నాకు ఆ పరీక్ష కావాలి. ఎందుకో చెప్పడానికి అప్పుడు మాటలు లేవు. పళ్ళెంలో లెక్కపెట్టే అంకెల కంటే పెద్ద అంకెలు అక్కడ ఎక్కడో ఉన్నాయని మాత్రం అనిపించేది.

ఆ రోజు పోటు ఆలస్యంగా ఎక్కింది. చలికాలం, నడుము దాకా తడి. బడికి వెళ్ళి కూర్చోగానే కళ్ళు మూతపడ్డాయి. మాస్టారు రెండుసార్లు పిలిచారట. మూడోసారి పిలవలేదు. నిద్రలోనే ఎడమ చెంప మీద అరచెయ్యి పడింది. గూబ అదిరింది. బల్ల అంచుకి తల కొట్టుకుంది. లేచి నిలబడితే ఒక పక్కన లోకం ఆగిపోయింది. పిల్లలు నవ్వుతున్నారు, నవ్వు సగమే వినపడుతోంది. ఇంటికి పొమ్మన్నారు. మెడ మీద ఏదో వెచ్చగా కారుతుంటే చెమట అనుకున్నాను.

నాన్న ఇసుకలో వల బాగుచేస్తున్నాడు. నా ఎడమ పక్క నుంచి పిలిచాడు. నేను ఆగలేదు. మళ్ళీ పిలిచాడు. నేను నడుస్తూనే ఉన్నాను. పిలుస్తుంటే పొగరుగా వెళ్ళిపోతున్నానని ఆయన లేచి వచ్చి వీపు మీద చరిచాడు. నేను బోర్లా పడ్డాను. జుట్టు పట్టి లేపి చెయ్యి ఎత్తాడు. అప్పుడు చొక్కా కాలరు చూశాడు. ఎర్రగా తడిసి ఉంది. చెవిలోంచి సన్నటి ధార.

ఆయన ఏమీ అడగలేదు. నన్ను ఇసుకలో కూర్చోబెట్టి, పడవలోంచి తెడ్డు లాగి, భుజాన వేసుకుని బడి వైపు పరిగెత్తాడు.

ఆయన వెనక నేను, నా వెనక అమ్మ. మేము వెళ్ళేసరికి మాస్టారు బోర్డు మీద రాస్తున్నారు. మొదటి దెబ్బ ఎడమ జబ్బ మీద పడింది. ఎండు కొమ్మ విరిగినట్టు చప్పుడైంది, అది నా కుడి చెవికి బాగానే వినపడింది. ఆయన బల్ల మీద వాలిపోయారు. రెండోది వీపు మీద. పిల్లలు కిటికీల్లోంచి దూకారు. కళ్ళజోడు ఎగిరి కింద పడితే నాన్న కాలి కింద నలిగింది. మూడో దెబ్బకి తెడ్డు విరిగింది, చేతిలో మిగిలిన ముక్కని ఆయన మళ్ళీ ఎత్తుతుంటే వలల దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చిన నలుగురు పట్టుకున్నారు. వాళ్ళలో ఇద్దరికి నాన్న పళ్ళ గాట్లు పడ్డాయి. మాస్టారి ముఖం సుద్దముక్కలా అయింది. ఆయన నా చెవి వంక చూస్తూ నేల మీదే కూర్చుండిపోయారు.

నన్నూ ఆయన్నూ ఒకే బస్సులో బందరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. ముందు సీట్లో ఆయన, వెనక సీట్లో నేను. కర్ణభేరి పగిలింది, వినికిడి రావడం కష్టమన్నారు. అమ్మ మోపిదేవి స్వామికి వెండి చెవి మొక్కుకుంది. తీర్చింది కూడా. వెండి చెవి స్వామి దగ్గరే ఉంది.

ఊరికి భయం పట్టుకుంది. మాస్టారు పోలీసులకి చెప్తే నాన్న జైలుకి వెళ్తాడు, ఇక ఈ ఊరి బడికి ఏ మాస్టారూ రాడు. మాస్టారు చెప్పలేదు. చెప్తే పిల్లవాడి చెవి సంగతీ నేనే చెప్పాలి కదా అన్నారట. పెద్దల్లో పెడితే వస్తానని కబురు చేశారు.

కొట్లాటల్లో మా ఊరు జరిమానా వెయ్యదు. డబ్బున్నవాడు కడుతూ కొడుతూ పోతాడని. ఎన్ని కొట్టాడో అన్ని తినాలి, చొక్కా విప్పి, అందరి ఎదుటా. అదే శిక్ష.

చేపల వేలం వేసే పాకలో కూర్చున్నారు. మాస్టారి ఎడమ చెయ్యి మెడకి వేసిన గుడ్డలో ఉంది. కళ్ళజోడు లేక మనుషుల్ని పోల్చుకోలేక కళ్ళు చికిలిస్తున్నారు. ఊరి పెద్ద ముసలాయన. ముందు ఆయన మాస్టారిని అడిగాడు, పిల్లవాణ్ణి ఎందుకు కొట్టారని. ఆలస్యంగా వచ్చి నిద్రపోయాడని మాస్టారు చెప్పారు.

నాన్న తల ఎత్తాడు. "ఆలస్యానికా? చదువు రాక కొడుతున్నారనుకున్నానండీ ఇన్నాళ్ళూ."

"చదువు రాకపోవడమేంటి? లెక్కల్లో వీడే ఫస్టు," అన్నారు మాస్టారు. "నీ చేతి వాతలు చూసి, ఇంట్లో ఏదో చేస్తున్నాడని నేను కొట్టాను."

"మీరు కొట్టారని నేను కొట్టాను."

కింద సముద్రం చప్పుడు. ఆలస్యం ఎందుకైందని పెద్ద అడిగితే మాస్టారు తన పక్షం చెప్పారు. ఒక వారం వేళకి వస్తాడు, ఒక వారం రాడు, బద్ధకం కాక మరేమనుకోవాలని. ఆడవాళ్ళ వైపు నుంచి అత్త లేచింది. నాన్నకి అక్క. చేపల గంప మోసి మోసి మెడ గట్టిపడ్డ మనిషి, నోరు అంతకంటే గట్టిది. పోటు ఎలా జరుగుతుందో నాలుగు ముక్కల్లో చెప్పింది. "సముద్రానికి మీ గంట వినపడదు మాస్టారూ," అంది. తరవాత నాన్న వైపు తిరిగింది. "నీకు బడి గంట ఎప్పుడు కొడతారో తెలీదు. ఇద్దరూ మాట్లాడుకోవడానికి వీడి వీపే దొరికిందా మీకు?"

చెవికి ఏం తీర్పు చెప్పాలో పెద్దకి తోచలేదు. నాన్నే అన్నాడు. "కళ్ళని చెప్పానండీ. చెవి సంగతి నాకు తట్టలేదు."

అయినా ఊరి పద్ధతి పద్ధతే. మూడు దెబ్బలకి మూడు. నాన్న చొక్కా విప్పి పాక గుంజ పట్టుకుని వంగాడు. నాన్న ఇచ్చిన బెత్తమే మాస్టారి కుడి చేతికి ఇచ్చారు. ఆయన మొదటిది కొట్టారు. మొహమాటపు దెబ్బ కాదది. జబ్బ నొప్పి, అవమానం, విరిగిన కళ్ళజోడు, అన్నీ అందులో ఉన్నాయి. నాన్న నల్లటి వీపు మీద గీత తెల్లగా లేచి ఎర్రబడింది, అంచు చిట్లి రక్తం చిమ్మింది. అమ్మ నా ముఖం కొంగుతో కప్పేసింది. నేను కొంగు పక్కకి లాగి చూశాను. బెత్తం రెండోసారి లేచింది.

నాన్న వంగినవాడు వంగినట్టే ఉన్నాడు. తల మాత్రం కొంచెం తిప్పాడు.

"మాస్టారండీ. ఇందాక లెక్కల్లో ఫస్టన్నారు. నిజమేనా?"

బెత్తం పైనే ఆగిపోయింది.

నిజమేనన్నారు మాస్టారు. నేను నోటితో లెక్క చేసేసరికి ఆయన బోర్డు మీద ఇంకా సగంలోనే ఉంటున్నారన్నారు. పరీక్ష దగ్గర్లో ఉందని, హాజరు చాలకపోతే కూర్చోనివ్వరని, అందుకే ఆలస్యం మీద అంత కోపమని చెప్పారు. పరీక్ష ఒకటుందనే నాన్నకి తెలీదు. గుంజ పట్టుకునే అడిగాడు, ఏ రోజుల్లో, ఏ వేళకి, ఏం కావాలని. మాస్టారు బెత్తం పట్టుకునే చెప్పారు. వీపు మీద రక్తం నడుము దాకా జారుతోంది. ఆ ఇద్దరూ మూడేళ్ళలో మొదటిసారి మాట్లాడుకున్నది అలాగే.

పెద్ద గొంతు సవరించుకున్నాడు. ఇంకా రెండున్నాయని గుర్తు చేశాడు.

"ఉండనివ్వండి," అన్నారు మాస్టారు. "అవి నా దగ్గర ఉంటాయి. నన్ను అడక్కుండా ఇతను వీణ్ణి కొట్టిన రోజున వచ్చి కొడతాను. ఇతన్ని అడక్కుండా నేను కొడితే విరగ్గొట్టడానికి నా రెండో జబ్బ ఉంది."

అలా ఊరి పద్ధతి మారింది. అష్టమి నవమి రోజుల్లో పోటు మందంగా ఉంటుంది, కాలవలో పని తక్కువ. ఆ రోజుల్లో తండ్రులు బడికి వెళ్ళడం మొదలుపెట్టారు, బెత్తాలు లేకుండా. బోర్డు మూల మాస్టారు ఆ వారం పోటు వేళలు రాసి, మా పాఠాలు వాటికి తగ్గట్టు జరిపేవారు. మొదట్లో తండ్రులకి ఏం మాట్లాడాలో తెలిసేది కాదు. నిలబడి గోడ వంక చూసేవాళ్ళు. అన్నం సరిగ్గా తింటున్నాడా అని మాస్టారే మొదలుపెట్టేవారు.

నాన్న ఒక్కసారి మాట తప్పాడు. నిండు బేసిన్ నా చేతిలోంచి జారి కాలవలో పడింది. పొద్దుటి కష్టమంతా నీళ్ళ పాలు. ఆయన చెయ్యి ఆగలేదు, తోక తీశాడు. నేను బడిలో ఏమీ చెప్పలేదు. మాస్టారు నా పిక్క మీద గీత చూశారు, ఆయనా అడగలేదు. సాయంత్రం సైకిలు మా గుమ్మంలో ఆగింది. చేతిలో బెత్తం.

నాన్నకి అర్థమైంది. చొక్కా విప్పి వెనక్కి తిరిగాడు. లోపల అత్త మెత్తళ్ళు వంకాయ వేసి వండుతోంది. తలుపు సందులోంచి చూసి, "ముందు రెండు ముద్దలు తినండి మాస్టారూ, ఖాళీ కడుపుతో చెయ్యి ఆడదు," అంది. మాస్టారు కాసేపు ఆ వీపు వంక చూశారు. పాత గీత అక్కడే ఉంది. బెత్తం గోడకి ఆనించి, చాప మీద కూర్చుని, ఏం జరిగిందో చెప్పమన్నారు. నాన్న చొక్కా లేకుండానే ఎదురుగా కూర్చుని చెప్పాడు. చెప్తూ చెప్తూ ఏడ్చాడు. ఆయన ఏడవగా నేను చూసింది అదే. తిన్నాక మాస్టారు లేచి, చూరులోంచి టేకు తోక లాగి, సైకిలు క్యారేజీకి కట్టుకుని వెళ్ళిపోయారు. ఆ రెండు దెబ్బలూ అలాగే ఉండిపోయాయి.

పరీక్ష రాశాను. పదో తరగతి దాకా వెళ్ళాను. ఆ తరవాతి లెక్కలు నేనే నేర్చుకున్నాను. నాన్న పోయినప్పుడు పెద్దకర్మకి మాస్టారు గుడివాడ నుంచి బస్సులో వచ్చారు. వచ్చి నా కుడి పక్కన నిలబడ్డారు. చెవి పోయిన రోజు నుంచీ ఆయన ఎప్పుడూ నాకు కుడి పక్కనే నిలబడతారు.

"రెండు మిగిలిపోయాయిరా," అన్నారు, ఫొటో వంక చూస్తూ.

తండ్రి బాకీ కొడుకుదే గదండీ అన్నాను.

అయితే గుర్తుంచుకోమన్నారు. బడిలో అడక్కుండా నీ పిల్లని కొట్టిన రోజున వస్తానన్నారు.

అరుగు మీద కూర్చుని ఇదంతా తలుచుకున్నాక మర్నాడు మా అమ్మాయి బడికి వెళ్ళాను. మేడమ్ చిన్నమ్మాయి, నేను అరవడానికి వచ్చాననుకుని ముందే బెదిరింది. ఎడమ చెవి వినపడదమ్మా అని కుడి చెవి అటు తిప్పి కూర్చున్నాను. పిల్ల ఏ వేళప్పుడు నిద్రపోతుందని అడిగాను. బోర్డు మీద రాసేటప్పుడే, చివరి బెంచీలో, అంది మేడమ్. ఇంటి దగ్గర తలనొప్పి అంటోందని నేను చెప్పాను. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అది నిద్ర కాదు. కళ్ళు నొప్పెట్టి మూసుకుంటోంది.

కళ్ళ డాక్టరుకి చూపించి, కళ్ళజోడుకి కొలతలు ఇచ్చి, ఆటోలో పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని గుడివాడకి ఫోన్ చేశాను. మాస్టారి గొంతు బాగా సన్నబడింది. మెసేజ్ సంగతి, చెయ్యి లేచిన సంగతి చెప్పాను.

"కొట్టావా?"

"లేదండీ. వెళ్ళి అడిగాను."

ఏడో తరగతిలో నన్ను లేపి నిలబెట్టినప్పటి గొంతుతో, బాకీ ఎంతో చెప్పమన్నారు.

"రెండండీ."